చెన్నై తేమలో పాత చందమామలు: కొన్నాక చేయాల్సిన పని

పాత చందమామ దొరకడమే కష్టమని చాలామంది అనుకుంటారు. చెన్నైలో దొరికినదాన్ని నిలబెట్టుకోవడం అంతకంటే కష్టం. సముద్రపు తేమ, తుప్పు పట్టిన పిన్నులు, పాత పేపరు కొట్లో అంటుకున్న పురుగు, ఈ మూడూ కలిసి డెబ్భై ఏళ్ళు బతికిన సంచికను రెండు వానాకాలాల్లో తినేస్తాయి. నేను అనుసరించే పద్ధతి రాస్తున్నాను. చందమామకే కాదు, బాలమిత్ర, బొమ్మరిల్లు, యువ, అమర్ చిత్రకథ, ఇంద్రజాల్ కామిక్స్ అన్నిటికీ ఇదే పనికొస్తుంది.

పాత పుస్తకాలకు పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక పాత పుస్తకాల వ్యాపారం ఊరంతా చెదిరింది. ఇప్పుడు సెంట్రల్ దగ్గరి అల్లికుళం కాంప్లెక్సు, ట్రిప్లికేన్ భారతి సాలై పేవ్‌మెంటు, ఆపైన కోడంబాకం, వడపళని, సాలిగ్రామం వైపు పాత పేపరు కొట్లు చూడాలి. ఒకప్పుడు తెలుగు సినిమావాళ్ళ ఇళ్ళు ఎక్కువగా ఉన్న పేటలు కాబట్టి అటకల మీద నుంచి దిగిన కట్టలు అక్కడికే చేరతాయి. కొట్టువాడికి అంబులిమామ, అంటే తమిళ చందమామ తెలుసు, కాబట్టి ‘అణ్ణా, తెలుంగు అంబులిమామా ఇరుక్కా?’ అని అడిగితే వెంటనే అర్థమవుతుంది. కొట్లోని పాత పేపరు లోడు కాగితం మిల్లుకు ఎప్పుడు వెళ్తుందో కనుక్కుని ఆ ముందురోజు వెళ్ళడం మేలు.

కొనేముందు పేజీలు చూడాలి. నడిమికి పిన్నులు కొట్టిన సంచికలో ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు. అట్టను వదిలేసి 64 పేజీలున్న సంచికలో ఒకే కాగితం మీద పక్కపక్కన పడే రెండు పేజీల నంబర్లు కలిపితే ఎప్పుడూ 65 వస్తుంది. 5వ పేజీకి జోడు 60. అంటే 5, 6 పేజీలను ఎవరో చింపేసి ఉంటే 59, 60 ఊడిపోయి ఉంటాయి, లేదా ఊడటానికి సిద్ధంగా ఉంటాయి. నట్టనడుమ కాగితం పోతే 31 నుంచి 34 వరకు పోయినట్టే, తరచూ పోయేదీ అదే. అట్టనుంచే నంబర్లు మొదలైన పత్రికల్లో ఈ మొత్తం మారుతుంది. నడిమి రెండు పేజీల నంబర్లు కూడి చూస్తే ఆ సంచిక లెక్క తెలిసిపోతుంది. ఇంకో సంగతి, మన ఇళ్ళల్లో సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకునే అలవాటు గట్టిగా ఉండేది. కాబట్టి లోపల సీరియల్ భాగం ఉందో లేదో ప్రత్యేకంగా చూడాలి. బైండు చేసిన సంపుటం దొరికితే సంతోషమే గానీ, బైండరు అంచులు కోసి, అట్టలు పీకేసి ఉంటాడు. వడ్డాది పాపయ్య గారి అట్ట లేని చందమామకు నేను సగం ధర కూడా పెట్టను.

అట్ట పోయి, నెల పేరు చిరిగిపోయిన సంచిక ఏ కాలానిదో పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. ‘నయాపైసలు’ అని ఉంటే అక్కణ్ణుంచి 1964 మధ్య వరకు. చిరునామాలో ‘మద్రాసు-26’ అని మాత్రమే ఉంటే 1972 ఆగస్టులో పిన్‌కోడ్ రాకముందుది కావచ్చు, 600026 అని ఉంటే కచ్చితంగా తర్వాతిది. చందమామ చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మ కనిపిస్తే 1952కు ముందుది కాదు, ఆయన చేరిందే ఆ ఏడు. ఒక్క జాగ్రత్త: తర్వాతి కాలంలో పాత సీరియళ్ళను పాత బొమ్మలతోనే మళ్ళీ వేశారు. బొమ్మ ఒక్కటే చూసి కాలం కట్టకూడదు, ధర, చిరునామా, కాగితం కూడా కలిసిరావాలి.

తెచ్చిన కట్టను నేరుగా మిగతా సంచికల పక్కన పెట్టకండి. ముందు గాలికి ఆరనిచ్చి, రెండు పాలిథిన్ కవర్లలో ఒకదాని మీద ఒకటి వేసి, గాలి బయటికి నొక్కేసి, టేపుతో మూసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ చలికి రెండు వారాలు పట్టాలి. పుస్తకాల పురుగు, సిల్వర్‌ఫిష్, వాటి గుడ్లు చావడానికి అంత సమయం కావాలి. తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచాలి. వెంటనే విప్పితే మన ఊరి గాలిలోని తేమ చల్లటి కాగితం మీద నీరై దిగుతుంది. బూజును మాత్రం ఫ్రీజర్ చంపదు, ఆపుతుంది అంతే. బూజు పట్టిన సంచికను విడిగా నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఎన్95 మాస్కు వేసుకుని, బాల్కనీలో మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఎండలో మాత్రం పెట్టొద్దు. చౌక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎండకు ఇంకా త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది.

ఇక అసలు పని పిన్నులది. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ తుప్పు చుట్టూ కాగితం గోధుమరంగుకి తిరిగి పొడి అవుతుంది. పిన్ను ఉన్నంతకాలం అది ఆగదు. సంచికను నడిమికి తెరిచి, మొద్దుగా ఉన్న పలుచటి చాకు మొనను పిన్ను కాలి కింద దూర్చి మెల్లగా పైకి నిలబెట్టాలి. నాలుగు కాళ్ళూ నిటారుగా నిలిచాకే సంచికను తిరగేసి వీపు వైపు నుంచి పిన్ను లాగాలి. ముందే బయటినుంచి పీకితే వంగిన కాళ్ళు అట్టతో సహా చింపుకొస్తాయి. కాలు విరిగితే ఫరవాలేదు, ముక్కలుగా తీయవచ్చు. మిగిలిన తుప్పు పొడిని బ్రష్‌తో దులపండి, గీకవద్దు. కాగితాలు విడిగా, చదునుగా ఉన్న ఈ సమయంలోనే స్కాన్ చేసుకోవాలి. పిన్నుల బదులు దారంతో కుట్టాక నడిమి మడతలో అక్షరాలు దాగిపోతాయి. నేను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేస్తాను, అంతకు తగ్గితే రంగుల చుక్కలు అలలు అలలుగా కనిపిస్తాయి.

చిరుగులకు సెల్లోటేపు వాడొద్దు. పది, ఇరవై ఏళ్ళకు జిగురు కాగితంలోకి దిగి గోధుమ మరక మిగులుతుంది. బైండర్ల మైదా జిగురూ వద్దు. పురుగు రాకుండా అందులో కలిపే మైలుతుత్తంలోని రాగి కాగితాన్ని లోపలినుంచి దెబ్బతీస్తుంది. వాటి బదులు మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పొడి 4 గ్రాములు, నీళ్ళు 100 మిల్లీలీటర్లు తీసుకోండి. మూడో వంతు నీళ్ళు వేడిచేసి పొడి కలిపి, మిగతావి చల్లవి పోసి ఒక రాత్రి వదిలేస్తే పేస్టు సిద్ధం. దాన్ని తిండి కోసం పురుగు వెతుక్కుంటూ రాదు. 10 జీఎస్ఎం (చదరపు మీటరుకు 10 గ్రాములు) దగ్గరి జపనీస్ టిష్యూ అనే పలుచటి, పొడవు పోగుల కాగితాన్ని కత్తెరతో కోయకుండా, తడి బ్రష్‌తో గీత గీసి చేత్తో చింపాలి. అంచున పోగులు లేచి చిరుగు మీద కనబడకుండా కలిసిపోతాయి. పేస్టు దాదాపు పొడిగా ఉండేట్టు పలచగా రాయాలి. తడి ఎక్కువైతే ఆరిన చోట గోధుమరంగు వలయం పడుతుంది, అది పోదు. అచ్చు సిరా సాధారణంగా కరగదు గానీ అద్దె లైబ్రరీ ఊదారంగు ముద్రలు, ఫౌంటెన్ పెన్నుతో రాసిన పేర్లు కరుగుతాయి. తడి తగిలించేముందు మూల మీద తడి దూది అద్ది చూసుకోండి. ఆ ముద్రలను చెరపాలని మాత్రం చూడకండి, ఆ సంచిక ఏ ఊళ్ళో ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పేది అదొక్కటే.

తర్వాత తెల్లబరచని నూలు దారంతో పాత పిన్ను రంధ్రాల్లోనే కుట్టి లోపలివైపు ముడి వేయాలి. కొత్త రంధ్రం ఒక్కటి కూడా పొడవక్కర్లేదు.

నిల్వకు 50 మైక్రాన్ల పాలిప్రొపిలీన్ కవరు, వెనక యాసిడ్ లేని అట్ట. ప్లాస్టిక్ వాసన ఘాటుగా వచ్చే పీవీసీ కవర్లను దగ్గరికి రానివ్వద్దు. కవరు మూత మడిచి వదిలేయాలి, టేపు వేసి బిగిస్తే కాగితం నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి లోపలే ఉండిపోతుంది. పెట్టెలో పదిహేనుకు మించకుండా పడుకోబెట్టి, స్టీలు బీరువాను బయటి గోడకు ఆనకుండా పెట్టాలి. 2015 డిసెంబరు వరదలు చూసిన ఊరు ఇది, కాబట్టి కింది అర ఖాళీగానే ఉండాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి లోపల ఉంచండి, 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. తేమ పీల్చుకోవడానికి లోపల పెట్టే సిలికా జెల్ గింజల రంగు మారినప్పుడల్లా వాటిని ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. నాఫ్తలీన్ గోళీలు నేను వాడను, వాటి గాలి మనకే మంచిది కాదు.

పేజీలు పోయిన డూప్లికేట్లు దొరికితే వదలకండి. ఒకదాంట్లో నడిమి కాగితం, ఇంకోదాంట్లో 5-60 జోడు మిగిలి ఉంటే రెంటినీ కలిపి ఒక నిండు సంచిక చేయవచ్చు. రెండూ ఒకే నెలవేనని ముందుగా కథల పేర్లతో సరిచూసుకుని, ఏ కాగితం ఎందులోనుంచి వచ్చిందో ఆ కాగితం మూలన 2బి పెన్సిల్‌తో సన్నగా రాసిపెట్టాలి. తర్వాత ఆ సంచిక ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళకు ఆ సంగతి తెలియాలి.