పదకొండే వస్తున్నాయి మేడం

నిన్న తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు ఫ్రెంచ్ పద్యంలో ఒక పంక్తికి ఎన్ని అక్షరాలో వేళ్లు మడిచి రెండుసార్లు లెక్కపెట్టుకుని, "పదకొండే వస్తున్నాయి మేడం, మీరు పన్నెండన్నారు" అన్నాడు. నాకు భలే సంతోషమేసింది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బెజవాడలో పిల్లలు ఫ్రెంచ్ తీసుకునేది చాలావరకు మార్కుల కోసమే. పేరెంట్స్ మీటింగులో వాళ్లే మొహమాటం లేకుండా చెప్తారు. కవిత్వం మాట ఎత్తగానే "ఎగ్జామ్‌లో వస్తుందా మేడం?" అంటారు. రాదు. అయినా ఏటా రెండు పీరియడ్లు ఎక్కడో ఒకచోట మిగిల్చి, విక్టర్ హ్యూగో పద్యం ఒకటి చెప్తాను. "దెమాఁ, దె లోబ్", అంటే "రేపు, తెల్లవారగానే". మొత్తం పన్నెండు పంక్తులే.

మొదటి ఏడాది దాన్ని నేనే చంపేశాను. హ్యూగో 1802లో పుట్టాడు, కూతురు ఫలానా ఏడు పోయింది అంటూ బోర్డంతా నింపి నోట్సు చెప్పాను. పద్యం దగ్గరికొచ్చేసరికి సగం క్లాసు కిటికీలోంచి బందరు రోడ్డు చూస్తోంది. క్లైమాక్సు చెప్పేసి సినిమాకి తీసుకెళ్తే ఎవరు చూస్తారు?

ఇప్పుడు కవి పేరు కూడా చెప్పను. మొదటి ఎనిమిది పంక్తులే ఇస్తాను. పొలాలు తెల్లబడే వేళకి బయల్దేరతాను, నువ్వు ఎదురుచూస్తున్నావని తెలుసు, అడవిలోంచి వస్తాను, కొండ మీదుగా వస్తాను, నీకు దూరంగా ఇంక ఉండలేను అంటాడాయన. "వు" అనలేదు, "తు" అన్నాడు. మీరూ నువ్వూ తేడా మన పిల్లలకి విడమరచి చెప్పక్కర్లేదు.

"ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు?"

"లవర్ మేడం!"

"అంత పొద్దున్నేనా?"

"వాళ్ల నాన్న లేవకముందే మేడం."

క్లాసంతా నవ్వు. అయితే ఎనిమిదో పంక్తికి వచ్చేసరికి ఆ మనిషి వీపు వంగి ఉంటుంది, చుట్టూ ఏమీ చూడడు, పగలు కూడా నాకు రాత్రిలాగే ఉంటుంది అంటాడు. "లవర్ దగ్గరికి వెళ్లేవాడు ఇలా నడుస్తాడా?" అంది వెనక బెంచీ అమ్మాయి. దానికి జవాబు చెప్పకుండా, ఈ పద్యంలో పంక్తికి పన్నెండు అక్షరాలు పలకాలని చెప్పి, ఆ పంక్తినే లెక్కపెట్టమన్నాను. పిల్లాడికి పదకొండొచ్చింది అక్కడే.

తప్పు వాడిది కాదు, నాది. ఆ పంక్తిలో "లాగా" అని అర్థమిచ్చే "కొమ్" లాంటి మాటల్లో చివరి అక్షరం పలకొద్దని మూడేళ్లుగా వాళ్ల వెంటపడ్డాను. తెలుగు నోటికి చివర అచ్చు లేకపోతే తోచదు కదా, పాపం కష్టపడి మానుకున్నారు. తీరా పద్యంలో, తర్వాత హల్లుంటే, ఆ మూగ అక్షరానికీ లెక్క ఉంది. త్రిస్-తే-లె-జూర్-పూర్-మ్వా, సె-రా-కొ-మె-లా-న్వీ. పన్నెండు! "ఇన్నాళ్లూ వద్దన్నారుగా" అని అందరూ నా మీద పడ్డారు.

ఆరో అక్షరం దగ్గర ఆగుతాం కదా, అది యతా అని ఒకడు అడిగాడు. తెలుగు పద్యంలో యతి అంటే అక్షరాల మైత్రి, ఇక్కడిది ఊపిరి తీసుకునే విరామం అన్నాను. సంస్కృతంలో యతి అంటే విరామమేనని స్టాఫ్‌రూములోకి వచ్చాక గుర్తొచ్చింది. సోమవారం చెప్పాలి.

తర్వాత చివరి నాలుగు పంక్తులిచ్చాను. రాలుతున్న సాయంత్రపు బంగారాన్ని చూడను, దూరంగా వెళ్తున్న తెరచాపల్నీ చూడను, చేరగానే నీ సమాధి మీద పచ్చటి కొమ్మలూ పూలూ పెడతాను. రాలడమూ "తోంబ్" అనే, సమాధీ "తోంబ్" అనే, పైగా రెండూ ప్రాసలో కలుస్తాయి. యమకం అని ఎవరో గొణిగారు. మిగతావాళ్లు మాట్లాడలేదు.

అప్పుడు చెప్పాను. కూతురు లేఓపోల్దిన్ 1843 సెప్టెంబరు 4న, విల్కియే అనే ఊరి దగ్గర సెయిన్ నదిలో పడవ తిరగబడి పోయింది. పంతొమ్మిదేళ్లు. భర్త కూడా పోయాడు. పద్యం కింద ఉన్న తేదీ 1847 సెప్టెంబరు 3.

"అయితే రేపంటే నాలుగో తారీకా మేడం" అన్నాడు లెక్కల పిల్లాడు.

బెల్లు కొట్టారు. వెనక బెంచీ అమ్మాయి బ్యాగు సర్దుకుంటూ, "అందుకే తెరచాపలు చూడనంటున్నాడు మేడం, అవి పడవలవేగా" అంది. ఇన్నేళ్లుగా చెప్తున్నాను, నాకెప్పుడూ తట్టలేదు.