మీటర్ బోర్డు మీద వెలిగిన పానా గుర్తు: నా అనుభవం

ఈ నెల మొదటి వారంలో కారు తాళం తిప్పగానే మీటర్ బోర్డు మీద పసుపు రంగులో పానా గుర్తు వెలిగింది. సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే మర్నాటికే సమయం ఇచ్చారు. జాబ్ కార్డు పది నిమిషాల్లో తయారైంది, ఎస్టిమేట్ రూ. 4,800 అన్నారు, నేను సంతకం చేశాను. అంతవరకు చెప్పుకోవలసిన ఇబ్బంది ఏదీ లేదు.

గంట గడిచాక సర్వీస్ అడ్వైజర్ నన్ను కౌంటరు దగ్గరికి పిలిచి, తెల్ల కాగితం మీద తుడిచిన నల్లటి ఆయిల్ మరకను చూపించాడు. "చూడండి మేడమ్, ఆయిల్ పూర్తిగా పాడైపోయింది, అందుకే లైటు వెలిగింది. ఇంజన్ లోపల కూడా ఇలాగే ఉంటుంది. ఫ్లషింగ్ చేసి, అంటే లోపలంతా కడిగి, పూత వేసి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేయాలి" అన్నాడు. సంవత్సరంలో 4,700 కిలోమీటర్లు మాత్రమే తిరిగిన కారుకు ఇవన్నీ ఎందుకని అడిగాను. అతను నా వైపు చూడకుండా కంప్యూటర్ వైపే చూస్తూ, "ఇది టెక్నికల్ విషయం మేడమ్, చెప్పినా మీకు అర్థం కాదు. సార్‌తో మాట్లాడతానులెండి" అన్నాడు. అవసరం లేదు, నేను ఆలోచించి చెబుతానని చెప్పి, అద్దాల గదిలోకి వచ్చి కూర్చున్నాను.

నేను అక్కడ కూర్చుని ఉండగానే, ఇరవై అడుగుల దూరం నుంచి అతను విశాఖపట్నంలో డ్యూటీలో ఉన్న మావారికి ఫోన్ చేశాడు. పాత రికార్డులో ఆయన నంబరు ఉందట. "మేడమ్‌కి చెప్పాం సార్, ఇప్పుడు చేయకపోతే ఇంజన్ పోతుంది" అన్నాడట. ఆయన నాకు తెలిసే జరుగుతోందనుకుని సరేనన్నారు. సాయంత్రం బిల్లు రూ. 9,060 అయింది. నేను ఒప్పుకోలేదని చెబితే, పక్కనున్న నలుగురూ వినేలా "సార్ అప్రూవ్ చేశారు మేడమ్, ఇంటికెళ్లి మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నాడు. ఆ కారు నా జీతంతో కొన్నది, ఆర్‌సీ నా పేరు మీద ఉంది. 22 ఏళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను; ద్రవాల స్నిగ్ధత గురించి, అంటే ఆయిల్ చిక్కదనం గురించి, నేను చెప్పిన పాఠం విని ఇంజనీర్లయినవాళ్లు వందల సంఖ్యలో ఉన్నారు. ఆ మాట అక్కడ అననందుకు ఇప్పటికీ బాధగా ఉంది. మాట పెగలక డబ్బు కట్టి బయటికి వచ్చాను.

మర్నాడు ఉదయం బండి తీస్తే పానా గుర్తు మళ్లీ వెలిగింది. ఫోన్ చేస్తే "ఆయిల్ సెట్ కాలేదేమో మేడమ్, మళ్లీ తీసుకురండి. మన ఎండలకు ఇంకాస్త చిక్కటిది వేద్దాం" అన్నాడు. ఆ మాటతో నాకు అనుమానం బలపడింది. నాలుగేళ్లుగా డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉన్న, కారుతో పాటు కంపెనీ ఇచ్చిన యజమాని పుస్తకాన్ని (ఓనర్స్ మాన్యువల్) ఆ రాత్రి మొదటిసారి చదివాను. కారున్న ప్రతి ఒక్కరినీ నేను కోరేది ఇదే: సర్వీసుకు వెళ్లే ముందు రోజు ఆ పుస్తకంలో ఆయిల్ గురించి ఉన్న రెండు పేజీలు చదవండి.

నా కారులోని ఆ గుర్తు ఆయిల్‌ను చూడదు, పరీక్షించదు. చివరిసారి రీసెట్ చేసిన, అంటే లెక్కను మళ్లీ సున్నాకు తెచ్చిన, రోజు నుంచి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని రోజులు గడిచాయి అని లెక్కపెట్టి, 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అప్పుడు వెలుగుతుంది. కొన్ని కార్లలో ఇంజన్ వేగాన్నీ వేడినీ కూడా లెక్కలోకి తీసుకుని ఆయిల్ ఆయుష్షును అంచనా వేసే పద్ధతి ఉంది కానీ నా కారులో లేదు. సంవత్సరం పూర్తయింది కనుక వెలిగింది. ఆయిల్ మార్చాక రీసెట్ చేయడం మరిచారు కనుక మళ్లీ వెలిగింది. ఇక ఆయిల్ నల్లబడటమంటే పాడైపోవడం కాదు. ఇంజన్‌లో పుట్టే మసినీ మడ్డినీ పేరుకోనీయకుండా తనలో కలుపుకుని తిరగడానికే ఆయిల్‌లో రసాయనాలు కలుపుతారు. పని చేస్తున్న ఆయిల్ నల్లబడుతుంది. కాగితం మీది మరక రంగును మాత్రమే చూసి దాని ఆయుష్షు చెప్పడం ఎవరి తరమూ కాదు.

అయితే నా కోపం చూసి ఎవరూ ఆయిల్ మార్పించడం మానవద్దు. భవానీపురంలోని మా ఇంటి నుంచి గొల్లపూడిలో కళాశాలకు ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న ప్రయాణాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో చేరిన తేమా పెట్రోలూ ఆవిరైపోవు. తక్కువ తిరిగినా ఏడాదికొకసారి మార్చవలసిందే. పసుపు పానాకు నాలుగు రోజులు ఆగవచ్చు. ఎర్రటి నూనెడబ్బా గుర్తు వెలిగితే మాత్రం, అది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందనే హెచ్చరిక కనుక, బండిని వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి.

పుస్తకం ప్రకారం నా కారుకు 0డబ్ల్యూ-20 ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి 3.3 లీటర్లు పడుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది, వెనకున్న 20 అనేది 100 డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనం ఏ శ్రేణిలో ఉందో చెబుతుంది. ఇంజన్ తయారుచేసినవారు లెక్కగట్టి రాసిన ఆ అంకెలను కౌంటరులో కూర్చున్న మనిషి మార్చకూడదు. బిల్లులో 4 లీటర్లు ఉంది. బండిని సమతలం మీద ఆపి, ఇంజన్ కట్టేసి, పది నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూపే గేజి పుల్లను తుడిచి మళ్లీ ముంచి చూశాను. ఆయిల్ సరిగ్గా పై గీత దగ్గర ఉంది. నిజంగా 4 లీటర్లు పోసి ఉంటే గీత దాటి చాలా పైకి వచ్చేది. అంటే 0.7 లీటరు నా ఇంజన్‌లోకి రాలేదు, డబ్బు మాత్రం నా దగ్గర తీసుకున్నారు.

ఆదివారం ఆటోనగర్‌లో మా సహోద్యోగి చెప్పిన ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్లాను. ఆయన బండి కింద లైటు వేసి, "ఇటు రండమ్మా, మీరే చూడండి" అని పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు చూపించారు. పాత వాషరే మళ్లీ బిగించారట, సన్నగా తడి దిగుతోంది. కొత్త వాషర్ వేసి, మీటర్ పక్కనున్న మీట నొక్కి పట్టుకుని అర నిమిషంలో లైటు రీసెట్ చేశారు. వాషర్ ఖరీదు తప్ప ఏమీ తీసుకోలేదు. బయట చేయిస్తే వారంటీ పోతుందని సర్వీసు సెంటర్లు బెదిరిస్తాయి. 14 కార్ల కంపెనీల మీద భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టకూడదని స్పష్టంగా చెప్పింది. దాని మీద అప్పీళ్లు నడిచినా, ఆ మాట ప్రతి వినియోగదారుడికీ తెలియాలి.

సోమవారం బిల్లు, ఎస్టిమేట్, పుస్తకంలో 3.3 లీటర్లు అని ఉన్న పేజీ ఫోటోలు తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఐదో రోజున మేనేజరు తానే ఫోన్ చేసి రమ్మన్నారు. ఎస్టిమేట్ మీద ఉన్నది ఎవరి సంతకమని ఒక్కటే అడిగాను. ఆయన కాసేపు కాగితాలు తిరగేసి, ఫ్లషింగ్‌కు రూ. 850, ఇంజెక్టర్లకు రూ. 1,960, పోయని ఆయిల్‌కు రూ. 378 కలిపి రూ. 3,188 తిరిగి ఇచ్చారు. రికార్డులో మావారి నంబరు తీయించి నా నంబరు ఎక్కించేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ అడ్వైజర్ వచ్చి "సారీ మేడమ్" అన్నాడు, ఈసారి నా ముఖం చూసే అన్నాడు.

లోపల వేసిన పూతను వెనక్కి తీయలేం కనుక దాని రూ. 1,450 ఇవ్వలేమన్నారు. నేను అడగని పూతకు నేను డబ్బు కట్టవలసిన పని లేదు. 5 లక్షల లోపు విషయానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము కూడా ఉండదు. ఫిర్యాదు రాయడం నిన్న రాత్రే మొదలుపెట్టాను.