ఫొటో వెనక పేర్లు

మన మదనపల్లె కాలేజీ బ్యాచ్ సంచిక కమిటీ తరఫున టమాటా (మనకు కాలేజీ ముద్దుపేర్లే ఇప్పటికీ) ఫోన్ చేసి, "కాలేజీ రోజుల మీద ఓ నాలుగు పేజీలు రాయప్పా, ఆదివారం లోపల కావాల" అన్నాడు. రాద్దామని కూర్చుంటే ఫస్ట్ ఇయర్ మొత్తానికీ నాకు గుర్తొచ్చింది హాస్టల్ సంగటి, ఊరిబిండి. సెకండ్ ఇయర్‌లో మన గడియారం గాడి నాటకంలో డైలాగ్ మరిచిపోయి మూడు నిమిషాలు నిలబడ్డ రాత్రి. మూడో ఏడు పరీక్షల టెన్షన్‌లో ఎటు పోయిందో తెలియదు. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మన 1983-86 బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. హార్స్‌లీ హిల్స్ సంగతి పొడుగోడు రాయకపోతే నేను ఊరుకోను. నేను మాత్రం లైబ్రరీ సార్ గురించే రాస్తాను. ఆయన గురించి కాకుండా ఇంకేది రాసినా నాకు నిద్ర పట్టదు.

సార్ నడుముకు ఉండే తాళాల గుత్తి చప్పుడు మీ అందరికీ తెలుసు. ఆ చప్పుడు వినగానే మనం మాటలు ఆపేవాళ్లం. కానీ లోపలి గదిలో సార్‌ను చూసినవాళ్లు తక్కువ. సాయంత్రం నాలుగున్నర తర్వాత పాత బీరువా తెరిచి, ఎండిన వేపాకు తీసేసి కొత్తది పెట్టేవాడు. కలరా ఉండలు పాత గుడ్డలో మూట కట్టి అరల మూలల్లో ఉంచేవాడు. ఆ రెండు వాసనలూ కలిసి ఎక్కడ తగిలినా నాకిప్పటికీ మదనపల్లె గుర్తొస్తుంది. బీరువాలో పెద్ద పుస్తకాలేవో ఉన్నాయనుకునేవాడిని. ఉన్నవి హాజరు పట్టీలు, ఫీజు రసీదుల కట్టలు, ఆటల పోటీల నోటీసులు, వార్షికోత్సవాల ఆహ్వాన పత్రాలు, పాత మ్యాగజైన్లు. ఒకరోజు ధైర్యం చేసి "ఇవన్నీ ఎందుకు సార్?" అని అడిగా. "ఎవురో ఒకరు అడుగుతారు నాయనా, నువ్వు అడిగినట్టే" అన్నాడు.

1985లో నేనొక పని చేశాను. మేం పుట్టకముందు అచ్చయిన మ్యాగజైన్ ఒకటి సార్ నా చేతికిచ్చి చదువుకోమన్నాడు. అందులో హాకీ టీమ్ గ్రూప్ ఫొటో ఉంది. ఫొటో కింద పన్నెండు పేర్లు, కూర్చున్నవాళ్లు, నిలబడ్డవాళ్లు, ఎడమ నుంచి కుడికి. ఆ పేర్ల వరస దగ్గర కాగితం అడ్డంగా చిరిగి ఉంది. సార్ సంతోషిస్తాడని బజారుకు పోయి సెల్లోటేప్ కొనుక్కొచ్చి, చిరుగు మీద నీట్‌గా అతికించి, గోరుతో రుద్ది మరీ చూపించాను.

సార్ ముఖం మారిపోయింది. నన్ను తిట్టలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఆ పేజీ వెలుతురులో పట్టుకున్నాడు. నేను భయపడి టేప్ కొస గోరుతో లేపబోతే చెయ్యి పట్టుకున్నాడు. "పీకొద్దప్పా. ఇప్పుడు పీకితే పేర్లు లేచొస్తాయి. అట్టే ఉండనీ. దీన్ని తీసే పని ఎక్కడన్నా నేర్పిస్తే నేర్చుకో."

తర్వాత నన్ను ఫ్రేము దగ్గర నిలబెట్టాడు. ఠాగూర్ చేతిరాత నకలు. మన కాలేజీలో చదివినవాళ్లెవరికీ ఆ కథ చెప్పనక్కర్లేదు. అనిబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీకి ఠాగూర్ 1919లో రావడం, కజిన్స్ దొర ప్రిన్సిపాల్‌గా ఉండటం, ఆయన భార్య మార్గరెట్ అమ్మ జనగణమనకు స్వరం రాసుకోవడం, ఫిబ్రవరి 28న ఠాగూర్ ఇంగ్లీషులోకి మార్చి తన చేత్తో రాసివ్వడం మనం వందసార్లు విన్నాం. ప్రతి ఫంక్షన్‌లోనూ ముఖ్య అతిథి అదే చెప్పేవాడు. 1911లో కలకత్తా కాంగ్రెస్‌లో మొదట పాడిన పాట, 1950 జనవరి 24న జాతీయ గీతమైన పాట, మధ్యలో మన ఊరికి వచ్చిపోయిందని మనం ఛాతీ విరుచుకునేవాళ్లం. నేనూ విరుచుకున్నాను.

సార్ అడిగింది వేరే. "ఠాగూర్ పాడిన ఆ సాయంత్రం సంగతి మనకెట్ల తెలిసింది?"

నాకు తెలియదు.

"కజిన్స్ దొర, ఆయమ్మ కలిసి తమ కథ రాసుకున్నారు కాబట్టి. పెద్దాయన పాడతా ఉంటే ఉన్నోళ్లంతా మళ్లీ మళ్లీ పాడించుకొని 'జయ హే' అని గొంతు కలిపినారని అందులో ఉంది. మంచిది. గొంతు కలిపిన పిల్లోళ్లు ఎవురు? ఏ ఊరోళ్లు? ఒక్కడి పేరు చెప్పు."

నేను ఫ్రేమునే చూస్తూ నిలబడ్డాను.

"ఠాగూర్ కాగితాన్ని లోకమంతా కాపాడుతుంది నాయనా. పిల్లోళ్ల పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి. దాన్ని మనం కాపాడకపోతే ఇంకెవురూ కాపాడరు."

అప్పటికి నాకు బి.ఏ. తర్వాత ఏం చేయాలో తెలియదు. మా నాయన గ్రూప్ పరీక్షలు రాయమనేవాడు. రాశాను, రాలేదు. 1990లో హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో పాత కాగితాలు బాగుచేసే సెక్షన్‌లో చిన్న ఉద్యోగం దొరికింది. 35 ఏళ్లు అక్కడే చేసి పోయిన ఏడాది రిటైర్ అయ్యాను. షాజహాన్ కాలం నాటి, ఔరంగజేబు కాలం నాటి పార్శీ దస్తావేజులు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఒక్క ముక్క చదవలేను. కానీ నలిగిపోయిన కాగితాన్ని తడి చేసి, మడతలు విప్పి, వెనక టిష్యూ అనే పల్చటి కాగితం వేసి, మళ్లీ చేత్తో పట్టుకునేలా చేయగలను. మీలో కలెక్టర్లున్నారు, డాక్టర్లున్నారు, అమెరికాలో ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఇవాళ నాలుగు రాష్ట్రాల్లో ఇదే పని చేస్తున్నారు. ఏదైనా కాగితం మొండికేస్తే రాత్రి పదింటికి కూడా నాకు ఫోన్ చేస్తారు. నాకు ఆ ఫోన్ రావడం ఇష్టం.

ఆ పనిలో నేను తెలుసుకున్న మొదటి విషయం మనందరికీ పనికొస్తుంది. మూడున్నర వందల ఏళ్ల నాటి కాగితం ఇప్పటికీ గుడ్డలాగా వంగుతుంది. అది చేత్తో చేసింది, పాత గుడ్డ పీచుతో చేసింది. మన కాలం మ్యాగజైన్ కాగితం కట్టె గుజ్జుతో చేసింది. దాంట్లోనే ఆమ్లం ఉంటుంది, బయటి నుంచి ఎవరూ చెడగొట్టక్కర్లేదు. అంచులు ముందు ఎర్రబడతాయి, తర్వాత అప్పడంలా విరుగుతాయి. మొఘలుల కాగితం కంటే 1985 నాటి మన సంచికకే ఆయుష్షు తక్కువ. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. మీ ఇంట్లో ఆ సంచిక ఉంటే ఒక మూల మెల్లగా వంచి చూడండి. మెల్లగానే.

2006లో సెలవు పెట్టి మదనపల్లె వచ్చాను. సార్ అప్పటికి లేడు. అనుమతి తీసుకుని ఆ మ్యాగజైన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. 21 ఏళ్లలో టేప్ ప్లాస్టిక్ ఎండి దానంతటదే లేచిపోయింది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకిపోయింది. తేనె రంగు పట్టీ, సరిగ్గా పేర్ల మీద. ముందు ఒక మూల చిన్న చుక్క వేసి అచ్చు ఇంకు కరగడం లేదని చూసుకున్నాను. అగ్గిపుల్లకు దూది చుట్టి, జిగురు కరిగించే అసిటోన్‌లో ముంచి, కింద బ్లాటింగ్ పేపర్ పెట్టి, ఒక్కో అక్షరం పక్కన అద్దడం. రుద్దకూడదు, అద్దాలి. జిగురు మెత్తబడి బ్లాటింగ్‌లోకి దిగుతుంది. కిటికీ తెరిచి ఉంచినా కళ్లు మండాయి. రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత చిరుగు రెండంచులూ కలిపి, వెనక జపాన్ టిష్యూ సన్నటి పట్టీ పల్చటి గంజితో అతికించి, మీద బరువు పెట్టాను. అది బీరువా పక్కనుండే పాత డిక్షనరీ. మీకు తెలుసు ఏది.

పన్నెండు పేర్లలో పదకొండు దక్కాయి. పన్నెండోది, నిలబడ్డవాళ్లలో కుడి నుంచి రెండోవాడు. 1985లో నేను భయపడి గోరుతో లేపిన కొస అక్కడే. ఇంటిపేరు పొడి అక్షరం, దాని పక్కన చుక్క, అంతే మిగిలాయి. ఆ అబ్బాయి హాకీ కర్ర భుజం మీద పెట్టుకుని కెమెరా వైపు సూటిగా చూస్తుంటాడు. ఇప్పుడు ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేరు. అది నా వల్ల జరిగింది. ఆ రాత్రి బెంగళూరు బస్సులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అందుకే ఈ సంచిక పేరుతో మిమ్మల్ని అడుగుతున్నాను. చిన్న కాలేజీ చరిత్ర బీరువాలో సగమే ఉంటుంది, మిగతా సగం మన ఇళ్లల్లో ట్రంకు పెట్టెల అడుగున ఉంటుంది. హాల్ టికెట్, హాస్టల్ మెస్ బిల్లు, ఎలక్షన్ పాంఫ్లెట్, ఆటోగ్రాఫ్ పుస్తకం, గడియారం గాడి నాటకం ఆహ్వాన పత్రిక. మన అమ్మాయిలు దాచినంత భద్రంగా మగపిల్లలు దాచలేదని నాకు తెలుసు, వాళ్లను ముందుగా అడుగుతున్నాను. సెల్లోటేప్ వద్దు. లామినేషన్ అసలు వద్దు, అది మళ్లీ ఊడదు. గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టండి, మంచిదే, కానీ అది చాలనుకొని అసలుది పారేయకండి. ఫొటో వెనక పేర్లు రాయండి. బాల్ పెన్నుతో కాదు, అది ముందువైపుకు అచ్చు పడుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా.

పొడుగోడా, హార్స్‌లీ హిల్స్ ఫొటో నీ దగ్గరే ఉంది. అందులో పద్దెనిమిది మందిమి. పదిహేడు మంది ఎవరో నేను చెప్పగలను. వెనక వరసలో తల తిప్పేసినవాడు సైకిల్ చెయిన్ అని టమాటా అంటాడు, కాదని గడియారం అంటాడు. మొన్నటికి మన బ్యాచ్‌లో ఆరుగురు పోయారు. మీటింగ్ రోజు ఆ ఫొటో తీసుకురా. భోజనాల ముందే అందరం కూర్చుని చూద్దాం. పెన్సిల్ నేను తెస్తాను.