అక్టోబరులో కుట్టడానికిచ్చిన బట్టలు డిసెంబరు 24 రాత్రి చేతికొచ్చాయి

నిన్ననే క్రిస్మస్ పండగ అయింది. ఒంటి నొప్పులూ తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. రెండూ ఉండగానే రాసేస్తున్నాను.

పోయినేడు చివరి వారంలో అన్ని పనులూ మీద పడి, 24 రాత్రి ఆరాధనలో కూర్చున్నచోటే నిద్రపోయాను. పక్కనున్నావిడ తట్టి లేపింది. అందుకే ఈసారి జనవరి నుంచే మొదలుపెట్టాను. నెలకు 1,000 చొప్పున బ్యాంకులో విడిగా వేశాను. పండగ చిట్టీల జోలికి మాత్రం పోకండి, మా వీధిలో కట్టినవాళ్లు నిండా మునిగారు. నవంబరు ఆఖరుకి నా దగ్గర 11,000 ఉన్నాయి. రూపాయి అప్పు లేకుండా క్రిస్మస్ చేయడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

రైలు టికెట్లు ఇదివరకు 120 రోజుల ముందు తీసుకునేవాళ్లం, 2024 నవంబరు నుంచి 60 రోజులే. మా మరిది వాళ్లు 23న బెంగళూరులో ఎక్కాలి కాబట్టి అక్టోబరు 24 పొద్దున్న 8 గంటలకల్లా ఫోను పట్టుకుని కూర్చున్నాను. దొరికాయి.

మా లూథరన్ చర్చి సంఘంలో క్రిస్మస్‌కి ముందు ఆగమన కాలం 4 ఆదివారాలు వస్తుంది. ఈ ఏడు నవంబరు 30న మొదలైంది. ఆదివారానికో పని పెట్టుకున్నాను. మొదటి వారం అటక మీద నుంచి స్టార్ దించి లైటు వెలుగుతుందో లేదో చూడటం, రెండో వారం బూజులు దులిపి సున్నం వేయించడం, మూడో వారం జంతికలు, గవ్వలు. అరిసెలు మాత్రం నాలుగో వారానికే ఉంచాను, మరీ ముందు చేస్తే మెత్తదనం పోతుంది. కేకుకి డ్రైఫ్రూట్స్ వారం ముందు నారింజ రసంలో నానబెట్టాను. సంఘంలో యూత్ పిల్లలు ఇంటింటికీ తిరిగి పాటలు పాడే కేరల్స్‌కి వచ్చే రాత్రికి టీ, బిస్కెట్లు, కానుక కవరు అన్నీ సిద్ధం. ఇంతవరకూ నా చేతిలో పని, అయిపోయింది.

బట్టలు నా చేతిలో లేవు.

దసరా అవగానే, అక్టోబరు 6న, మా టైలరుకి నాలుగు ఇచ్చాను. నా జాకెట్టు, అత్తయ్య జాకెట్టు, పిల్లలిద్దరి గౌన్లు. అత్తయ్యది తెల్ల జాకెట్టు. గుంటూరులో మా ఇళ్లల్లో పెద్దవాళ్లు గుడికి, అంటే చర్చికి, తెల్లచీరే కడతారు, జాకెట్టుకి లైనింగ్ సరిగ్గా లేకపోతే ఆవిడ బయటికి రాదు. కొలతకి ఆవిడ ఆది జాకెట్టు కూడా ఇచ్చాను. చీటీ మీద నవంబరు 20 అని రాసిచ్చాడు. అతనికి 11 ఏళ్లుగా ఇస్తున్నాను.

నవంబరు 20న వెళితే, "కటింగ్ అయిపోయిందమ్మా, కుట్టడమే" అన్నాడు. డిసెంబరు 6న వెళితే, "మిషన్ మీద ఉంది మేడం, బుధవారం వచ్చేయండి" అన్నాడు. ఆ బుధవారం షాపు మూసి ఉంది.

20వ తారీఖు శనివారం సాయంత్రం వెళ్లాను. లోపల పదిమందికి పైనే ఉన్నారు. నా చీటీ చూసి, వెతకమని కుర్రాడికి చెప్పాడు. ఆ కుర్రాడు బల్ల కింద నుంచి గోనెసంచి లాగి నేల మీద బోర్లించాడు. అన్నిటికన్నా అడుగున నా కవరు. నేను కొట్టించిన పిన్ను అలాగే ఉంది, చీటీ అలాగే ఉంది. రెండున్నర నెలలుగా ఎవరూ విప్పి కూడా చూడలేదు.

"కటింగ్ అయిందన్నారు కదా మాస్టారూ?" అన్నాను, అంతే.

"మీరు అప్పుడెప్పుడో ఇచ్చారు, తొందరేం లేదనుకున్నాం. అంత తొందరైతే ఇంకోచోట కుట్టించుకోండి. పండగ మీ ఒక్కరికేనా?" అని అందరికీ వినపడేలా అన్నాడు. నా తర్వాత వచ్చినావిడ, "కాస్త జరగండి, మేమూ లైన్లో ఉన్నాం" అంది. అక్టోబరులో ఇచ్చిన నేను డిసెంబరు 20న లైన్లో నిలబడాలి! నేల మీద పడ్డ కవరు వంగి నేనే తీసుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే బయటికొచ్చేశాను.

మూడు షాపులు తిరిగాను. రెండుచోట్ల 'ఆర్డర్లు తీసుకోము' అని అట్టముక్క కట్టేశారు. మూడోచోట తల కూడా ఎత్తలేదు. వెనక వీధిలో ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టే అక్క ఒకావిడ ఉంది. ఆవిడ కవరు విప్పి చూసి, "రెండు రాత్రులు కూర్చుంటే పిల్లలవి అయిపోతాయి, జాకెట్లు మాత్రం నా వల్ల కాదమ్మా" అంది. 23న పొద్దున్నే గౌన్లు తెచ్చిచ్చింది. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. ఆవిడ మేలు మర్చిపోను.

జాకెట్లు పట్టుకుని మళ్లీ ఆ షాపుకే వెళ్లాల్సి వచ్చింది. అతను అన్న మాట కంటే అదే ఎక్కువ బాధ. అదే గుమ్మం, అదే కవరు. "బాబూ, ఈ రెండైనా చేసిపెట్టు" అని అడిగాను. అతను మాట్లాడకుండా కవరు అందుకున్నాడు.

తర్వాత ఆలోచిస్తే సంగతి అర్థమైంది. కార్తీకం రాగానే పెళ్లిళ్ల జాకెట్లు వచ్చి పడతాయి. మగ్గం వర్కు జాకెట్టుకి వేలల్లో వస్తుంది, నా సాదా జాకెట్టుకి ఏమొస్తుంది? చివర్లో వచ్చి ఏడ్చేవాళ్ల పని ముందు అవుతుంది, ముందే ఇచ్చినవాళ్ల కవరు సంచి అడుక్కి పోతుంది. కుదరకపోతే కుదరదని చెప్పాలి. చేయని కటింగ్ అయిపోయిందని చెప్పడం అబద్ధమే. పనిమంతుడికి మాటే పెట్టుబడి. అది పోయాక చేతిలో ఎంత పనితనముంటే ఏం లాభం?

అందుకని నా సలహా ఇది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, టైలర్లకి కాస్త ఖాళీ, బట్టల షాపుల్లో డిస్కౌంట్లూ అప్పుడే. అప్పుడే కొని అప్పుడే కుట్టించేయండి. ఎదిగే పిల్లలవైతే కుట్టు లోపల రెండంగుళాలు గుడ్డ వదలమనండి. 'కటింగ్ అయింది' అంటే, 'చూపించు' అనండి. మొహమాటపడకండి, నేను మొహమాటపడే ఇంతదాకా తెచ్చుకున్నాను. అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

24 రాత్రి 8:30కి మావారు వెళ్లి జాకెట్లు తెచ్చారు. నాదానికి హుక్కులు లేవు. అత్తయ్య దానికి చేతులు పొట్టిగా వచ్చాయి, భుజం మీద మార్కింగ్ చేసిన నీలం చాక్ గీత అలాగే ఉంది. నేను తడిగుడ్డతో ఆ గీత తుడుస్తుంటే అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని నా జాకెట్టుకి హుక్కులు కుట్టింది. ఒక్కో హుక్కూ కుట్టి, లాగి చూసి, దారం పంటితో తెంపి, తర్వాతది. నన్ను ఒక్క మాట అనలేదు. "చేతులు పొట్టయితే ఏముంది, పైట నిండుగా కప్పుకుంటాను" అంది. గుడి గంట కొట్టేసరికి అందరం వీధిలో ఉన్నాం. ఈసారి ఆరాధనలో నిద్ర రాలేదు.

అత్తయ్య ఆది జాకెట్టు ఇంకా ఆ షాపులోనే ఉంది. సోమవారం వెళ్లి తెచ్చుకోవాలి.