మా షెడ్డులో టూ పోస్ట్ లిఫ్ట్: బెడ్డు నుంచి అంబాసిడర్ పైకి లేచేదాకా

నల్గొండలో పానగల్ వైపు మా షెడ్డులో ఉన్న అంబాసిడర్ నోవా డీజిల్‌కి ఈ ఏడాది కింది పని అంతా పెట్టుకున్నాను. వెనక కమాన్ పట్టీలు (స్ప్రింగులు) విప్పాలి, హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు ఉండే పెట్టె) దింపాలి, బ్రేకు పైపులు మార్చాలి, ఫ్లోరు కింద తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు అతకాలి. చివరికి ఇంజిన్ కూడా దిగుతుంది. జాకీలు, స్టాండ్ల మీద పెట్టి వెల్లకిలా పడుకుని చేస్తే తెమిలే పని కాదిది. అందుకే రెండు స్తంభాలకున్న చేతుల మీద బండిని పైకి లేపే లిఫ్టు కొన్నాను. ఇంటి దగ్గర లిఫ్టు పెట్టుకుంటామని అడిగిన మిత్రులకు నేను చెప్పేది ఒకటే: డబ్బూ ఓపికా ముందు నేల మీద పెట్టండి, మిషను సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గుంత తవ్వుకుంటే చవక కదా అని మా బావ అన్నాడు. ఖర్చు తక్కువే. కానీ పెట్రోలు ఆవిరి, గ్యాసు గాలికన్నా బరువు, వచ్చి గుంతలోనే పేరుకుంటాయి. వానాకాలం నీళ్ళూ అందులోకే దిగుతాయి. పైగా గుంత మీద బండి చక్రాల మీదే నిలబడుతుంది, నాకేమో చక్రాలు వేలాడాలి. నాలుగు స్తంభాల లిఫ్టులో కూడా చక్రాలు పలకల మీదే ఉంటాయి. కమాన్లు, హౌసింగ్ విప్పేవాళ్ళకు రెండు స్తంభాలదే పనికొస్తుంది.

సంక్రాంతి తర్వాత: కొలతలు

4 టన్నుల లిఫ్టు, రెండు స్తంభాల మధ్య నేల మీద ప్లేటు ఉండే రకం తీసుకున్నాను. ఆయిల్ పైపు, సమం చేసే వైరు తాళ్ళు ఆ ప్లేటు కిందుగా పోతాయి. పైన అడ్డ దూలం ఉండే రకంలో నేల ఖాళీగా ఉంటుంది, జాకీ బండి అటూ ఇటూ హాయిగా తిరుగుతుంది. అయితే దానికి షెడ్డు ఇంకా ఎత్తు కావాలి.

ఎత్తు లెక్క ఇలా వేసుకున్నాను. లిఫ్టు సుమారు 1.8 మీటర్లు లేపుతుంది. అంబాసిడర్ ఎత్తు 1.6 మీటర్లు. కలిపితే 3.4 మీటర్లు, అంటే 11 అడుగుల పైచిలుకు. జీపు టాపుతో సహా ఎక్కితే 12 అడుగులు దాటుతుంది. మా షెడ్డులో రేకుల కింది పైపు 13 అడుగుల ఎత్తులో ఉంది. ట్యూబులైటు, ఫ్యాను ఆ ఎత్తులో లేకుండా పక్కకు మార్చాను. స్తంభాల ముందూ వెనకా బండి పొడవు సరిపోవడం ఒక్కటే చాలదు, మనిషి పానా పట్టుకుని బండి చుట్టూ తిరగడానికి చోటుండాలి.

శివరాత్రి లోపు: బెడ్డు

బెడ్డు అంటే స్తంభాలు నిలబడే కాంక్రీటు దిమ్మె. అసలు పని ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

షెడ్డులో నేల షాబాద్ బండలది. మన దగ్గర సగం షెడ్లు ఇట్లాగే ఉంటాయి. బండ చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ దాని కింద ఉన్నది పలచటి మాల్ (సిమెంటు కలిపిన మిశ్రమం), దాని కింద మొరం. స్తంభాన్ని నేలకు పట్టి ఉంచే యాంకర్ బోల్టు బిగిస్తే అది పక్కలకు విచ్చుకుని కాంక్రీటును పట్టుకోవాలి. బండలో అది విచ్చుకుంటే బండే చీలుతుంది. రెండు స్తంభాల లిఫ్టులో బండి బరువు చేతుల మీద లోపలి వైపు వేలాడుతుంది, స్తంభం ఎప్పుడూ లోపలికి వంగాలని చూస్తుంది. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది ఆ బోల్టులే. పాత గచ్చు మందం తెలియకుండా లిఫ్టు బిగించేవాళ్ళను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

బండలు లేపి, తవ్వి, మొరం పోసి నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టించాం. బెడ్డు కొలత 15 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 8 అంగుళాల మందం. మాన్యువల్ 6 అంగుళాలు చాలంది. కింద మట్టి ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉందని 2 అంగుళాలు పెంచాను. 12 ఎం.ఎం. సలాకలు 6 అంగుళాల గళ్ళుగా కట్టించాం. కట్టేముందు స్తంభం అడుగు ప్లేటును అట్టముక్క మీద గీసి, బోల్టు రంధ్రాలు గళ్ళ మధ్యలో పడేలా సలాకలు జరిపించాను. టేపు పెట్టి ఫొటోలు తీసుకున్నాను. రేపు డ్రిల్లు వేస్తుంటే సలాక తగిలి అక్కడే ఆగిపోతే, ప్లేటు పక్కకు జరపడానికి వీలుండదు.

మాల్ 1:1:2 (సిమెంటు, ఇసుక, కంకర), అంటే ఎం25 రకం కాంక్రీటు. 25 బస్తాల సిమెంటు పట్టింది. రోబో శాండ్, 20 ఎం.ఎం. కంకర. మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) తెప్పించి ఒకే పూటలో, మధ్యలో అతుకు లేకుండా పోయించాను. వైబ్రేటర్ తప్పనిసరి. మేస్త్రీకీ నాకూ మాటా మాటా వచ్చింది నీళ్ళ దగ్గర.

“ఇంత గట్టిగుంటే మాల్ ఎట్ల పారుతది సారూ, ఇంకో బకెట్ పోద్దాం” అన్నాడు.

బస్తాకు 25 లీటర్లు, ఇసుకలో తడి ఉంటే ఇంకా తక్కువ అని ముందే చెప్పాను, ఆ లెక్క దాటనివ్వలేదు. నీళ్ళు ఎక్కువైతే పని సులువవుతుంది, బెడ్డు బలం పడిపోతుంది. పని అయ్యాక మేస్త్రీయే బెడ్డు మీద గమేళా బోర్లించి కొట్టి చూసి, “మంచిగొచ్చింది సారూ” అన్నాడు.

పోసిన రోజే అదే మాల్‌తో బలం పరీక్షకు 150 ఎం.ఎం. క్యూబులు కూడా నింపి పెట్టాను. 28 రోజులకు తెలిసిన పిల్లలు చదివే కాలేజీ ల్యాబులో వాటిని పగలగొట్టించాం, బలం ఎం25కి కావలసిన 25 మెగాపాస్కల్స్ దాటింది. ఇంటి లిఫ్టుకు ఇంత అవసరమా అని అడిగారు కొందరు. దాని కింద నిలబడేది నేనే కాబట్టి అవసరమే.

మన ఎండలకు క్యూరింగ్ సంగతి చెప్పాలి. మాఘం పోయిందంటే నల్గొండలో పగటి ఎండ చుర్రుమంటుంది, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. చుట్టూ మట్టితో మడి కట్టి నీళ్ళు నిలిపాం, అంచుల మీద గోనె సంచులు తడిపి పరిచాం. పొద్దున తడిపి సాయంత్రం దాకా వదిలేస్తే పైపొర పొడిబారి సన్నటి పగుళ్ళు వస్తాయి. బోల్టులు మాత్రం 28 రోజులు నిండేదాకా ముట్టలేదు.

ఉగాది ముందు: స్తంభాలు నిలబెట్టడం

లిఫ్టు డీసీఎంలో వచ్చింది. ఒక్కో స్తంభం మనుషులు ఎత్తే బరువు కాదు. ఎత్తగలిగినా ఎత్తకూడదు, ఎందుకంటే నిలబెట్టాక బోల్టు పడేదాకా దానికి ఆధారం లేదు. దించడానికి, నిలబెట్టడానికి హైడ్రా క్రేన్ పిలిపించాను. బోల్టులన్నీ బిగిసేదాకా పైన బెల్టు వదలలేదు.

ముందు సుద్ద దారం కొట్టి మధ్య గీత, స్తంభాల గీతలు వేసుకున్నాం. ఎదురెదురు మూలల మధ్య దూరాలు టేపుతో కొలిచి రెండూ సమానమయ్యేదాకా జరిపాం. తర్వాత రసమట్టం పెట్టి రెండు వైపులా నిలువు చూశాం, గుండు కట్టిన దారం వేలాడదీసి మళ్ళీ చూశాం. తేడా ఉన్నచోట బోల్టుల పక్కన ఇనుప షిమ్ములు (పలచటి రేకు ముక్కలు) పెట్టాం. ప్లేటు కింద ఖాళీ మిగిలితే బరువు పడ్డప్పుడు ప్లేటు వంగుతుంది. అందుకని ఖాళీలన్నీ ఆరాక కుంచించుకుపోని గ్రౌటుతో (పలచటి సిమెంటు మిశ్రమంతో) నింపించాను.

రంధ్రాలు 18 ఎం.ఎం. బిట్టుతో, బోల్టు ఎంత మందమో అంతే. ఒక్కో రంధ్రంలో ఎంత దుమ్ము మిగులుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. సైకిలు పంపుతో ఊది, బాటిల్ బ్రష్షుతో తిప్పి, మళ్ళీ ఊదితే గానీ అడుగు కనిపించలేదు. దుమ్ము మీద విచ్చుకున్న బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది, తర్వాత జారుతుంది. బిగింపు టార్క్ రెంచ్‌తోనే. మా మాన్యువల్ 150 న్యూటన్ మీటర్లు అడిగింది. మీ బోల్టుకు మీ మాన్యువల్‌లో ఏముంటే అదే లెక్క. బోల్టు బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే అది కాంక్రీటును పట్టలేదని అర్థం. దాన్ని అలాగే వదిలేసి పక్కన ఉన్నవాటి మీద భారం వేయకూడదు.

కరెంటు, ఆయిలు

మోటారు 2.2 కిలోవాట్లు, త్రీ ఫేజ్. ఊళ్ళలో బోరు మోటార్లు ఎందుకు కాలిపోతాయో మనకు తెలుసు: ఒక ఫేజు పోతుంది, మోటారు గుయ్యిమంటూ తిరగక వేడెక్కుతుంది. లిఫ్టు మోటారుకూ అదే గతి. ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, బోరు స్టార్టర్లో పెట్టేదే, దీనికీ పెట్టించాను. విడిగా ఎర్తింగ్ గుంత, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), తాళం వేసుకునే మెయిన్ స్విచ్ కూడా ఉన్నాయి. సెలవుల్లో పిల్లలు షెడ్డులోకి వస్తారు, ఆ తాళం చెవి నా జేబులోనే ఉంటుంది.

మొదటిసారి స్విచ్ నొక్కినప్పుడు మోటారు తిరిగి చేతులు లేవకపోతే కంగారు పడొద్దు. ఫేజులు తారుమారై పంపు వెనక్కి తిరుగుతూ ఉండొచ్చు. వెంటనే ఆపి రెండు వైర్లు మార్పిస్తే సరిపోతుంది. అట్లాగే నడిపితే పంపు పాడవుతుంది.

ఆయిలు హైడ్రాలిక్ 46 గ్రేడు (చిక్కదనం లెక్క) పోశాను. మన వేడికి 32 మరీ పలచనవుతుంది. బండి లేకుండా పైదాకా లేపి దించుతూ ఉంటే లోపలి గాలి పోతుంది, కుదుపులు ఆగుతాయి. అప్పుడు చెవి పెట్టి వినాలి. రెండు స్తంభాల్లో బండి దిగిపోకుండా పట్టే లాకులు ఒకేసారి టక్కుమని పడాలి. ఒకటి ముందు, ఒకటి తర్వాత పడితే సమం చేసే తాళ్ళలో ఒకటి వదులుగా ఉన్నట్టు. మాకు ఎడమ వైపు ఆలస్యంగా పడింది, తాడు నట్టు తిప్పి కలిపాం.

రోహిణి కార్తెలో మొదటి బండ్లు

మొదట ఎక్కింది బావ జీపు. దానికి విడిగా చాసిస్ ఉంది, లిఫ్టు చేతుల చివరి ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో చూడగానే తెలుస్తుంది. ఎత్తు మాత్రం ఎక్కువ, లిఫ్టుతో వచ్చిన పొడుగు అడాప్టర్లు వేయాల్సి వచ్చింది. అడాప్టర్ చాలకపోతే ఇటుకలు, చెక్కలు పెట్టే అలవాటు గ్యారేజీల్లో చూస్తుంటాం. చెక్క చీలినా, ఇటుక నలిగినా పైన ఉన్నది టన్నుకు మించిన బరువు.

అంబాసిడర్‌కి విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. అందుకే పాత అంబాసిడర్ ఎత్తేముందు కింద స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవాలి. డోర్ల కింది అంచు, జాకీ పాయింట్లు, ఫ్లోరు కింద పొడవునా పోయే పెట్టె లాంటి సెక్షన్లు అన్నీ మొనతో గట్టిగా పొడిచి చూశాను. కుడివైపు వెనక జాకీ పాయింట్ దగ్గర మొన లోపలికి దిగింది. పైన అండర్ కోటింగ్ నిగనిగలాడుతోంది, లోపల రేకు పొరలు పొరలుగా ఊడుతోంది. అక్కడ ప్యాడ్ పెట్టడం మానుకుని, ముందుకు గట్టి సెక్షన్ దొరికే చోట పెట్టాను.

లేపే పద్ధతి ఇంట్లో అందరికీ చూపించాను. నాలుగు ప్యాడ్లు తగిలేదాకా లేపి ఆపాలి. చేతుల దగ్గరి పళ్ళ లాకులు పడ్డాయో లేదో చేత్తో లాగి చూడాలి. చక్రాలు జానెడు లేచాక మళ్ళీ ఆపి, బంపరు పట్టుకుని గట్టిగా ఊపాలి. కదిలితే కిందికి దించి మళ్ళీ సర్దాలి. కదలకపోతే కావలసిన ఎత్తుకు లేపి, ఆ తర్వాత లాకుల మీదికి దించాలి. ఇదే చాలామంది వదిలేసే పని. లేపి ఆపగానే బండి ఆయిల్ మీద ఉంటుంది. ఒక సీలు, ఒక పైపు చాలు అది దిగిపోవడానికి. లాకు మీదికి దించితే బరువు ఇనుము మీద కూర్చుంటుంది. అప్పుడే కిందికి వెళ్ళాలి.

ఇంకో సంగతి. లాకుల మీద ఉన్న బండిని దించాలంటే ముందు కాస్త లేపాలి, దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే బండి పైనే ఉంటుంది, వచ్చేదాకా అలాగే ఉండనివ్వడమే మేలు. ఆ సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయి అంబాసిడర్ రాత్రంతా పైనే ఉంది. మా అమ్మ టెన్షన్ పడి షెడ్డు తలుపు దగ్గరికొచ్చి చూసింది. లాకు కొక్కెం పళ్ళలో కూర్చున్న తీరు టార్చి వేసి చూపించాక వెళ్ళి పడుకుంది.

మృగశిర: ప్రస్తుతం

కమాన్లు విప్పాను, హౌసింగ్ దిగింది. వెనక బరువు పోగానే బండి ముందుకు మొగ్గుతుంది, అందుకని విప్పకముందే ముందు భాగం కింద పొడుగు స్టాండ్ నిలబెట్టి మర తిప్పి ఆనించాను. ఆనితే చాలు, స్టాండుతో బండిని ప్యాడ్ల మీంచి లేపకూడదు. ఇంజిన్ దింపే ముందు ఇదే లెక్క తిరగబడుతుంది: బరువు వెనక్కి పోతుంది, స్టాండ్ వెనక కావాలి. హౌసింగ్ తిరిగి బిగించాకే ఇంజిన్ జోలికి వెళ్తాను.

మొదటి వారం వాడాక యాంకర్ బోల్టులు మళ్ళీ టార్క్ చూశాను, రెండు కొద్దిగా తిరిగాయి. ఇక నెలకోసారి. వైరు తాళ్ళను చేత్తో తడమకుండా పాత గుడ్డతో తుడుస్తాను, పోగు తెగి ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది. ఎత్తే యంత్రాలను కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న మనిషితో పూర్తిగా పరీక్ష చేయించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం (2025లో దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది) 29వ సెక్షన్‌లో ఉండేది. ఇంటి షెడ్డు ఫ్యాక్టరీ కాదు, అయినా నేను అదే గడువు పెట్టుకుని తేదీ స్తంభం మీద పెయింటుతో రాశాను.

తర్వాతి పని కుడివైపు జాకీ పాయింట్ రేకు. కమాన్ బుష్షులు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి వచ్చాయి. తుప్పు కోశాక లోపల సెక్షన్ ఎంత మిగిలిందో చూసి, రేకు మందం అప్పుడు తేలుస్తాను.