పెరూ నాణేల ఆల్బమ్: వికూన్యా పేజీ అయిపోయింది, కొమ్ము పేజీ నడుస్తోంది

ఈ వర్షాకాలంలో పెరూ ఆల్బమ్ మొత్తం విప్పేసి కొత్తగా సర్దడం మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ అందరిలాగే విలువల వరసలో పెట్టాను, చిన్న సెంటావోల నుంచి పెద్ద సోల్‌ల దాకా (సోల్ అంటే అక్కడి రూపాయి, సెంటావో అంటే పైసా). చూడ్డానికి బాగానే ఉండేది గానీ ఆ దేశం గురించి ఏమీ చెప్పేది కాదు. ఇప్పుడు వాళ్ల జాతీయ చిహ్నంలో ఉన్న మూడు బొమ్మలనే మూడు భాగాలు చేసుకున్నాను. డాలులో మూడు గళ్లుంటాయి. మనం చూసేటప్పుడు పైన ఎడమవైపు వికూన్యా (లామా జాతిదే, సన్నగా జింకలా ఉంటుంది), కుడివైపు సింకోనా చెట్టు, కింద గడిలో బంగారు కాసులు కురిపిస్తున్న కొమ్ము. జంతువు, చెట్టు, ఖనిజం, ఈ మూడూ మా నేల సంపద అని చెప్పుకున్నారన్నమాట. హోసే గ్రెగోరియో పరేదేస్ ఆలోచన, ఫ్రాన్సిస్కో హవియెర్ కోర్తెస్ గీత, 1825 ఫిబ్రవరి 25న చట్టం. అప్పటి నుంచి ఇప్పటి చిల్లర దాకా పెరూ నాణేల్లో దాదాపు అన్నిటి మీదా ఒకవైపు ఈ డాలే కనిపిస్తుంది. అందుకే పెరూ నాణెం చేతికొస్తే నేను ముందు చూసేది విలువ ఉన్న వైపు కాదు, డాలు ఉన్న వైపు.

ముందు సామాన్ల సంగతి. మాది కాకినాడ, సముద్రపు గాలి, ఏ లోహాన్నీ వదలదు. ఇప్పటి 1 సోల్ నాణెం వ్యాసం 25.5 మిల్లీమీటర్లు, కాబట్టి అట్ట హోల్డర్‌లో 27.5 సైజు కిటికీ తీసుకోవాలి, 25 సైజులో అంచు నలుగుతుంది. పాత వెండి సోల్ 37 మిల్లీమీటర్లు, దానికి 39.5 సరిపోతుంది. పిన్ను కొట్టాక వెనక వంగిన ముక్కల్ని కటింగ్ ప్లయర్‌తో నొక్కి చదును చేయండి, లేకపోతే పేజీ తిప్పినప్పుడల్లా పక్క నాణెం మీద గీత పడుతుంది. ప్లాస్టిక్ పర్సుల్లో పీవీసీ రకం మాత్రం వద్దు, మన ఎండకూ చెమ్మకూ అది కరిగి నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది. డబ్బాలో సిలికా జెల్ గుళికలు, నీలం రంగువి పెట్టాను, గులాబీ రంగుకి తిరిగితే తీసి వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఇంకో మాట, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే: ఇత్తడి నాణెం నల్లబడిందని చింతపండు పెట్టో పీతాంబరితోనో తోమొద్దు. అది దేవుడి సామాను కాదు, తోమితే మెరుస్తుంది గానీ దాని పై పొర పోతుంది, ఆ పొరతోపాటే దాని విలువా పోతుంది.

పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, ఈ దేశపు నాణేలకు అది తప్పనిసరి. ఎందుకంటే లోహం మీద రంగు వేయలేరు కదా, చిహ్నాల శాస్త్రంలో రంగుల్ని గీతలతో చెప్పే పద్ధతి ఒకటుంది: అడ్డగీతలు నీలం, నిలువుగీతలు ఎరుపు, ఏ గీతా లేకపోతే తెలుపు. నా దగ్గరున్న నాణేన్ని దీపం కింద ఏటవాలుగా పెట్టి చూస్తే వికూన్యా వెనక సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి, ఆ గడి ఆకాశనీలం. చెట్టు వెనక నున్నగా ఉంది, తెలుపు. కొమ్ము వెనక నిలువుగీతలు, ఎరుపు. 1825 చట్టంలో రాసిన మూడు రంగులూ వేలిగోరంత డాలులో ఉన్నాయి. బాగా చేతులు మారిన నాణెంలో ముందు అరిగిపోయేవి ఈ గీతలే, కాబట్టి కొనేటప్పుడు నాణెం ఎంత బాగుందో తేల్చుకోవడానికి నేను అక్కడే చూస్తాను.

ప్రతి భాగం మొదట్లో చేత్తో రాసిన కార్డు ఒకటి పెడుతున్నాను. జెండా కార్డు అన్నిటికన్నా ముందు రాశాను. 1820 అక్టోబరులో స్వాతంత్ర్య సేనాని సాన్ మార్తిన్ ప్రకటించిన మొదటి జెండా మూలల నుంచి కొట్టిన గీతలతో నాలుగు ముక్కలుగా ఉండేది, కుట్టడం కష్టం. స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించింది 1821 జులై 28న, లిమాలో. 1822 మార్చిలో అప్పటి పాలకుడు తోర్రె తాగ్లె ఆ జెండాను ఎరుపు-తెలుపు-ఎరుపు అడ్డపట్టీలుగా మార్చాడు. అది దూరం నుంచి చూస్తే స్పెయిన్ జెండాలాగే ఉంది, యుద్ధంలో ఇంతకన్నా పెద్ద ఇబ్బంది ఏముంటుంది, అందుకని ఆ మే నెలాఖరులోనే పట్టీల్ని నిలువుగా తిప్పారు. మధ్యలో ఉన్న సూర్యుడి స్థానంలోకి 1825లో ఈ డాలు వచ్చింది. సాన్ మార్తిన్ ఎర్రటి తెల్లటి రెక్కల ఫ్లెమింగోలను చూసి ఆ రంగులు ఎంచుకున్నాడని అక్కడి పిల్లలకు చెప్పే కథ అందంగానే ఉంటుంది, నేను మాత్రం కార్డులో రాయలేదు, అది కథే కాబట్టి.

వికూన్యా భాగం పూర్తయింది. అందులో ముఖ్యమైనవి 1966 నుంచి వచ్చిన ఇత్తడి అర సోల్, ఒక సోల్ నాణేలు. డాలులో మూలన ఉండే జంతువు వీటి మీద నాణెం నిండా ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఇవి చవక, నాణేల మేళాలో విదేశీ చిల్లర పోసి అమ్మే డబ్బాల్లో ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. అయితే ఆ సంవత్సరం చూడండి. ఉన్ని కోసం వేటాడి వేటాడి 1960ల్లో పెరూలో వికూన్యాలు కొన్ని వేలకు పడిపోయాయి. ప్రతి జేబులోనూ వికూన్యా బొమ్మ ఉంది, కొండ మీద మాత్రం వికూన్యా లేదు. అయకూచో ప్రాంతంలో పంపా గలేరాస్ అభయారణ్యం 1967లో పెట్టారు, 1969లో వీటిని కాపాడటానికి పొరుగు దేశం బొలీవియాతో ఒప్పందం కుదిరింది. ఇప్పుడు లెక్క 2 లక్షలు దాటింది. ఊరంతా తాడు పట్టుకుని వరసగా నడుస్తూ మందను తోలుకొచ్చి, ఉన్ని కత్తిరించి వదిలేసే ఇన్కాల నాటి పద్ధతి, చక్కు అంటారు, మళ్లీ నడుస్తోంది. ఈ ఇత్తడి నాణెం నా ఆల్బమ్‌లో ఖరీదు తక్కువదే, కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

చెట్టు భాగానికి నాణేలు తక్కువ. సింకోనా బెరడు నుంచే మలేరియా మందు క్వినైన్ వస్తుంది, ఫ్రాన్స్‌లో దాన్ని వేరు చేసిందీ 1820లోనే, సాన్ మార్తిన్ జెండా ఏడాదే. డాలు గీసినవాళ్లు ఈ చెట్టును ఎంచుకున్నప్పుడు అది ప్రపంచానికి తమ దేశం ఇచ్చిన మందు. 1860లో క్లెమెంట్స్ మార్ఖమ్ బ్రిటిష్‌వాళ్ల తరఫున పెరూ వెళ్లి మొక్కలు తెచ్చాడు, ఆ యాత్రలో భాగంగానే వేరే చోట్ల సేకరించిన విత్తనాలూ చేరాయి, అలా ఊటీ దగ్గర తోటలు లేచాయి. పోస్టాఫీసుల్లో అమ్మిన క్వినైన్ పొట్లాలకు మూలం అదే. మన్యం జ్వరం పేరు విన్నవాళ్లకు ఆ పొట్లం ఎందుకంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది సికిందరాబాదులో. అందుకని ఈ భాగంలో బేగంపేటలోని ఆ భవనం ఫొటో కూడా అంటించాను, పెరూ ఆల్బమ్‌లో మన తెలుగు నేల ఫొటోకి అంతకన్నా మంచి చోటు దొరకదు. నాణేల్లో ఇక్కడ పెట్టింది ఇపోలితో ఉనానుయె ఉన్న 1 సోల్. ఆయన వైద్యుడు, లిమాలో వైద్యవిద్యకు పునాది వేసినవాడు. స్వాతంత్ర్యం వచ్చిన 200 ఏళ్ల సందర్భంగా 2020 నుంచి 2022 మధ్య వచ్చిన 9 నాణేల్లో అదొకటి.

ఆ తొమ్మిదిలోనే మరియా పరాదో దె బెయీదో కూడా ఉంది. ఆమెకు రాయడం రాదు. స్పెయిన్ సైన్యం కదలికల గురించి ఉత్తరాలు చెప్పి రాయించి తనవాళ్లకు పంపేది. ఉత్తరం దొరికిపోయాక, రాసిపెట్టింది ఎవరో చెప్పమంటే చెప్పలేదు. 1822లో కాల్చి చంపారు. ఈ నాణెం ఏ భాగంలో పెట్టాలో నాకు తోచక వేరే పేజీ ఇచ్చాను, ఒక్కటే ఉంది ఆ పేజీలో.

ఇప్పుడు నడుస్తున్నది కొమ్ము భాగం, దీనికే డబ్బూ టైమూ ఎక్కువ పడుతున్నాయి. లిమా టంకశాల 1565లో పెట్టింది. కొమ్ములోంచి కాసులు రాలుతున్నట్టు గీయడం తేలిక, ఆ కాసుల వెనక వాంకవెలికా పాదరసం గనుల్లోకి, పొతోసి వెండి గనుల్లోకి ఊళ్లకు ఊళ్లు వంతులు వేసి వెట్టికి తోలిన మీతా అనే పద్ధతి ఉంది. దాని మీద 1780 నవంబరులో తిరగబడిన టూపాక్ అమారును 1781 మే 18న కుస్కో చౌరస్తాలో చంపారు. 1971లో, స్వాతంత్ర్యానికి 150 ఏళ్లైనప్పుడు, సైనిక ప్రభుత్వం 5, 10 సోల్ నాణేల మీద ఆయన ముఖం వేసింది. అంచున్న టోపీ, భుజాల దాకా జుట్టు. రెండూ దొరికాయి. వాటిని కొమ్ము భాగంలో మొదటి పేజీలో, కాసుల కన్నా ముందే పెట్టాను, అక్కడే ఉండాలి.

ఆ పక్క పేజీలో నోట్లు. 1985లో వెయ్యి పాత సోల్‌లకు ఒక ఇంతీ, 1991లో పది లక్షల ఇంతీలకు ఒక కొత్త సోల్. అంటే ఆరేడేళ్లలో వంద కోట్ల పాత సోల్‌లు ఒక్క నాణెంలోకి ఇమిడిపోయాయి. 50 లక్షల ఇంతీల నోటు ఇవాళ సేకరణదారుల దగ్గర చవగ్గానే దొరుకుతుంది, మార్పిడి రోజున దాని విలువ 5 సోల్‌లు. నోట్లకు పీవీసీ లేని పాలిప్రొపిలీన్ కవర్లు వాడండి, మడత ఉంటే ఇస్త్రీ మాత్రం వద్దు.

2010 నుంచి 2016 దాకా వచ్చిన 26 నాణేల వరస, ఒక్కో ప్రాంతపు కట్టడం లేదా కళ ఒక్కో 1 సోల్ మీద, వాటిలో 22 ఉన్నాయి. బంగారు తూమి కత్తి, మచూ పిచ్చూ, కరాల్ నగరం, కయావోలోని రెయల్ ఫెలీపే కోట ఉన్నాయి. అయకూచోలో 1824 డిసెంబరులో తమవాళ్లు ఓడిపోయాక కూడా ఆ కోటలోని స్పెయిన్ సైన్యం 1826 జనవరి దాకా లొంగలేదు. ఇవన్నీ చలామణి కోసం లక్షల్లో కొట్టినవే, కాబట్టి అరుదైనవి అని చెప్పి పెద్ద ధర అడిగితే ఇవ్వకండి. 1 సోల్ ముఖవిలువ మన డబ్బులో పాతిక రూపాయలకు అటూ ఇటూ. తూకం 7.32 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోదు, 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా ఒకటి చాలు.

మిగిలినది వెండి సోల్, 1863లో దశాంశ పద్ధతికి మారాక వచ్చినది, కూర్చున్న స్వేచ్ఛాదేవి ఒకవైపు, డాలు ఇంకోవైపు. 25 గ్రాములు, అందులో 22.5 గ్రాములు వెండి. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, కాబట్టి కాటా, కాలిపర్, అయస్కాంతం మూడూ పట్టుకుని ఎదురుగా తూచి గానీ కొనను, ఫొటో చూసి అసలు కొనను. వెండి ధర ఇప్పుడున్న తీరుకి కొంచెం టెన్షన్‌గానే ఉంది. వచ్చే మేళాలో అరిగినది దొరికినా పర్వాలేదు, వికూన్యా వెనక అడ్డగీతలు మాత్రం కనిపించాలి.