ఉల్లి వేరులో నీలిరంగు చెట్లు

పోయిన ఆదివారం కర్నూలు దగ్గర మా తమ్ముడి చేనులో నుంచి నలభై రోజుల ఉల్లి మొక్కలు నాలుగింటిని మట్టిపెళ్ళతో సహా పెకలించి తెచ్చుకున్నాను. జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను కాబట్టి సూక్ష్మదర్శినికి కొదవ లేదు. వేళ్ళను కడిగి, సెంటీమీటరు ముక్కలుగా కోసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో అవి తేటపడేవరకు వేడి చేశాను. తర్వాత నీళ్ళతో బాగా కడిగి, పెన్నుల్లో పోసే ఇంకును వెనిగర్‌లో ఐదు శాతం కలిపి అందులో మూడు నిమిషాలు మరిగించాను. చివరగా రెండు చుక్కల వెనిగర్ వేసిన నీళ్ళలో ఉంచితే వేరుకు అంటిన రంగు దిగిపోయి, వేళ్ళలో మొక్కతో స్నేహంగా బతికే మైకోరైజా శిలీంధ్రానికి పట్టిన రంగు మాత్రం నిలిచింది.

అద్దం కింద వేరు పొడవునా కణాల సందుల్లో నీలి పోగులు సాగి ఉన్నాయి. అక్కడక్కడ కొవ్వు దాచుకునే గుడ్డు ఆకారపు తిత్తులున్నాయి. ఒకచోట ఒక పోగు కణం గోడను దాటి లోపలికి ప్రవేశించి, రెండుగా, నాలుగుగా చీలుతూ, చివరికి పొగమంచులా కనిపించేంత సన్నని కొమ్మలై కణమంతా నిండింది. దీన్నే ఆర్బస్క్యూల్ అంటారు. లాటిన్ మూలంలో ఆ మాటకు అర్థం చిన్న చెట్టు. ఇంత లోపలికి వచ్చినా శిలీంధ్రం కణద్రవ్యాన్ని తాకదు. మొక్క తన పొరను సాగదీసి ప్రతి కొమ్మకూ తొడుగు వేస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఆ తొడుగు దగ్గరే జరుగుతాయి. ఈ చెట్టు ఆయువు కొద్ది రోజులే. అది కూలిపోయాక అదే కణం మరో చెట్టుకు చోటిస్తుంది.

ఉల్లినే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని వేళ్ళు లావుగా, కొమ్మలు తక్కువగా ఉంటాయి; వేరునూగు అంతంతమాత్రమే. భాస్వరమేమో నేలలో కదలని పోషకం. నల్లరేగడిలో సున్నంతోనూ, ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియంలతోనూ ముడిపడిపోతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని తీసుకున్నాక ఆ చోటు ఖాళీ అవుతుంది, పక్క మట్టిలో ఉన్నది దాని దగ్గరకు నడిచి రాదు. వేరునూగు కంటే సన్నని శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీ మేరను దాటి, సెంటీమీటర్ల దూరం వెళ్ళి, వేరు దూరలేని మట్టి రంధ్రాల్లో నుంచి భాస్వరాన్ని, జింకును మోసుకొస్తాయి. అందుకు ప్రతిఫలంగా మొక్క తాను ఆకుల్లో తయారుచేసుకున్న ఆహారంలో నాలుగు నుంచి ఇరవై శాతం దాకా ఇస్తుంది. చక్కెరలతోపాటు కొవ్వులనూ మొక్కే ఇస్తుందని 2017లో తేలింది. ఈ శిలీంధ్రాలు తమకు కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేవు; సజీవమైన వేరు లేకుండా తమ జీవితచక్రాన్ని పూర్తి చేసుకోలేవు.

ఈ రెండూ నేలలో ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయన్న కథను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. జొన్న వేళ్ళను పట్టి పీల్చే స్ట్రైగా అనే కలుపు విత్తనాలను మొలిపించే పదార్థాన్ని 1966లో పత్తి వేళ్ళ స్రావాల్లో గుర్తించారు. తన శత్రువును నిద్రలేపే పదార్థాన్ని మొక్కలు ఎందుకు విడుదల చేస్తాయో దాదాపు నలభై ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. ఆ కోవకు చెందిన స్ట్రైగోలాక్టోన్లు మైకోరైజా శిలీంధ్రానికి పిలుపులని, అవి సోకగానే దాని పోగులు విరివిగా కొమ్మలు వేస్తాయని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. మిత్రుణ్ణి పిలిచిన కేకను శత్రువు చాటుగా వింటోందన్నమాట. భాస్వరం చాలనప్పుడు మొక్క ఈ కేక గట్టిగా వేస్తుంది. కడుపునిండా దొరికితే పిలవడం తగ్గిస్తుంది.

ఈ స్నేహం వేళ్ళకంటే పాతది. స్కాట్లండ్‌లోని రైనీ శిలల్లో, నలభై కోట్ల ఏళ్ళకు పూర్వపు శిలాజాల్లో, నిజమైన వేళ్ళు లేని మొక్కల కాండాల్లోనే ఈ చిన్న చెట్లు కనిపించాయని 1994లో ప్రకటించారు.

తమ్ముడి బాధ వేరు. నాటే ముందు దుకాణంలో ఈ శిలీంధ్రం ఉండే వ్యామ్ పొడి కొని చల్లాడు. దానితోపాటు ఎప్పటిలాగే భాస్వరం ఉండే డీఏపీ ఎరువు దండిగా వేశాడు. పైరులో తేడా ఏమీ కనిపించలేదని నొచ్చుకున్నాడు. పొడి మంచిదో చెడ్డదో నేను చెప్పలేను గానీ, భాస్వరం అంతగా ఉన్నచోట మొక్క ఈ శిలీంధ్రానికి పెద్దగా చోటివ్వదన్నది మాత్రం చెప్పాను. ఈ పొడిని మొక్కజొన్న, జొన్న లాంటి మొక్కల వేళ్ళ మీదో, ప్రయోగశాలలో పెంచిన వేళ్ళ మీదో తయారుచేస్తారు. కొబ్బరిపొట్టు ట్రేలలో పెంచే మిరప నారుకు, టిష్యూకల్చర్ అరటికి దాని అవసరం ఎక్కువ, ఎందుకంటే అక్కడ శిలీంధ్రం ముందుగా ఉండదు. చేనులో అయితే అది చాలావరకు ఉండనే ఉంటుంది, దానికి ఆహారం అందాలి. పదేపదే దున్నితే పోగుల వల తెగిపోతుంది. ఆవ, క్యాబేజీ, ముల్లంగి దానికి ఆశ్రయం ఇవ్వవు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండ్‌లో మన నల్లరేగడి లాంటి నేలల్ని ఏడాదికి పైగా బీడు పెట్టాక వేసిన పంటలు భాస్వరం, జింకు అందక గిడసబారిపోయాయి. బీడు కాలంలో తిండిలేక ఈ శిలీంధ్రం క్షీణించడమే అందుకు కారణమని 1987లో నిరూపించారు. వేసవి పొడవునా మన చేలు పచ్చని వేరన్నది లేకుండా ఎండుతుండటం చూస్తే నాకు ఆ సంగతే గుర్తుకొస్తుంది.

సాయంత్రం తమ్ముడు కళాశాలకు వచ్చి అద్దంలో చాలాసేపు చూశాడు. "అక్కా, ఇది నేనేసిన పొడిదా, లేకుంటే మన చేన్లో మొదట్నుంచే ఉండేదా?" అని అడిగాడు. ఇంకు రంగుకు ఆ తేడా తెలియదు. వచ్చే పంటకు భూసార పరీక్ష చేయించి, మూడు మడులు విడిగా కట్టాలని ఇద్దరం అనుకున్నాం: ఒకదానిలో పొడి వేసి భాస్వరం తగ్గించాలి, ఒకదానిలో పొడి లేకుండా భాస్వరం తగ్గించాలి, మూడోదానిలో ఎప్పటిలాగే వేయాలి. ఈలోగా శిలీంధ్రం పస్తులుండకుండా, ఉల్లి తీయగానే అక్కడ జొన్న చల్లుతానన్నాడు. వచ్చే పంట నలభయ్యో రోజున మూడు మడుల వేళ్ళూ మూడు సీసాల్లో నా దగ్గరకు వస్తాయి.